గుడ్లగూబ గారి సంజాయిషీ

మా శాఖలో ఎలుక అంటే తోక. ఇది నేను కల్పించిన మాట కాదు, సర్క్యులర్లో మూడో పేరా. "పట్టబడిన ప్రతి ఎలుకకు నిదర్శనముగా దాని తోకను సమర్పించవలెను. తోక సమర్పించబడని ఎడల సదరు ఎలుక పట్టబడనట్లుగాను, ఇంకనూ పొలములో సంచరించుచున్నట్లుగాను భావించవలెను." అంటే చచ్చిన ఎలుక మన టేబుల్ మీద వెల్లకిలా పడి ఉన్నా, తోక లేకపోతే ఆఫీసు దృష్టిలో అది పొలంలో వరి కొరుకుతున్నట్టే.

దీని వెనక చరిత్ర ఉంది. మొదట్లో ఎలుకను మొత్తంగా తెచ్చి చూపించమనేవారట. ఒకే ఎలుక మూడు ఊళ్లలో పట్టుబడిందని తేలింది. తర్వాత తల చాలన్నారు. మే నెలలో రికార్డు గదిలో ఎవరూ కూర్చోలేకపోవడంతో తల పద్ధతి రద్దయింది. చివరికి తోక దగ్గర స్థిరపడ్డారు. అందులోనూ ఎవరో మేధావి బల్లి తోకలు కలిపాడు. బల్లికి తోక మళ్లీ మొలుస్తుంది గనక అతని పనితనానికి అంతు లేకుండా పోయింది. తోక నాలుగు అంగుళాలకు తగ్గరాదని అప్పుడు నాలుగో పేరా పుట్టింది.

నేను చినమట్లపాడు ప్రభుత్వ విత్తన క్షేత్రంలో కంప్యూటర్ ఆపరేటర్ని. నూట ఇరవై ఎకరాల వరి, ఒక గోడౌను, ఒక ఆఫీసు, పొలం చివర పాత మామిడి తోపు. ఇంతే మా సామ్రాజ్యం. రోజూ ఉదయం పదిన్నరకు సూపరింటెండెంట్ హైమవతి గారు కళ్లజోడు పెట్టుకుని తోకల్ని పదేసి చొప్పున కట్టలు కట్టించి, రిజిస్టర్లో రాసి, ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టించి, పెరట్లో తగలబెట్టిస్తారు. ఆ సాక్షుల్లో ఒకణ్ణి నేను. రెండో సాక్షి వాచ్‌మన్. అతను తోకల వైపు చూడకుండానే సంతకం పెడతాడు. నేను చూసి పెడతాను. మా ఇద్దరికీ ఉన్న తేడా అంతే.

ఆ తోకలు తెచ్చేవాడు ఇండ్ల పోలయ్య. యానాది. యాభై దాటిన మనిషి. ఇరవై రెండేళ్లుగా మా పొలంలో ఎలుకలు పడుతున్నాడు. ఏటా మార్చి ముప్పై ఒకటిన అతని ఉద్యోగం పోతుంది, ఏప్రిల్ ఒకటిన మళ్లీ వస్తుంది. కుండలో ఎండుగడ్డి కుక్కి, నిప్పు పెట్టి, కలుగు మూతి మీద బోర్లించి పొగ ఊదుతాడు. ఎలుక ఏ దోవన బయటికి వస్తుందో ఆ దోవ దగ్గర అతని రెండో చెయ్యి ముందే ఉంటుంది. ఏ గట్టులో ఎన్ని కలుగులున్నాయో, వాటిల్లో ఎన్ని ఖాళీవో అతనికి మా ఇంటి నంబర్లలాగా తెలుసు.

అంత సరిగ్గా ఎలా తెలుసని ఒకసారి అడిగితే నన్ను తోపులోకి తీసుకెళ్లాడు. అన్నిటికన్నా పాత మామిడి చెట్టు. మూడు నిలువుల ఎత్తులో పెద్ద తొర్ర. చెట్టు కింద బొటనవేలంత బూడిదరంగు ఉండలు పడున్నాయి. పోలయ్య ఒకటి తీసి అరచేతిలో నలిపాడు. బొచ్చు విడిపోయి చిన్న పుర్రె, రెండు దవడలు, సూదుల్లాంటి ఎముకలు బయటపడ్డాయి.

"ఇది గూబ కక్కిన ఉండ అబ్బయా. ఎలికను అట్నే గుటుక్కున మింగతది. అరిగింది అరగ్గా మిగిలిన బొచ్చూ బొమికలూ ఇట్టా ఉండజేసి కక్కతది. ఈ దవడ జూడు, ఇది మెట్టపొలం ఎలిక. నిన్న అది మెట్ట పక్కకు బొయ్యిందన్నమాట. ఇయ్యాళ నేను కాలవ పక్కకు బోతా."

అప్పుడు చెట్టు పైకి చూపించాడు. అయిదు నిమిషాలు చూసినా నాకు కొమ్మలు తప్ప ఏమీ కనపడలేదు. తర్వాత ఒక కొమ్మ కన్ను తెరిచింది. బెరడు మీది మచ్చలన్నీ ఒంటి మీద ఉన్నాయి. ముఖం చుట్టూ రంపంతో కోసిన మాను మీద ఉండేలాంటి వలయాలు. మధ్యలో రెండు నల్లటి కళ్లు. ఒళ్లు కదలకుండా తల ఒక్కటే వీపు మీదికి తిప్పి, మా ఆఫీసు వైపు చూసి, మళ్లీ కళ్లు మూసుకుంది. పదేళ్లుగా ఈ జంట ఇదే తొర్రలో గుడ్లు పెడుతోందని, తోపు పక్క సగం వాటిదని, కాలవ పక్క సగం తనదని పోలయ్య చెప్పాడు. ఊళ్లో వాళ్లు దాని కూత చెడ్డదంటారు గదా అంటే, "నా ఈల వినపడినా ఎలికలు అట్నే అనుకుంటాయిలే" అన్నాడు.

ఇలా నడుస్తుండగా మా డిప్యూటీ డైరెక్టర్ విశ్వపతి గారు రాజధానిలో మూడు రోజుల శిక్షణకు వెళ్లొచ్చారు.

శిక్షణకు ముందు ఆయన అభివృద్ధి పక్షం. ఆ పాత మామిడి చెట్టు కొట్టించి ధాన్యం ఆరబెట్టే సిమెంటు కళ్లం వేయిస్తానని ఫైలు కదిలించారు. శిక్షణ తర్వాత ఆయన ప్రకృతి పక్షం. జనవరి మొదటి సోమవారం మమ్మల్ని అందర్నీ నిలబెట్టి ఉపన్యసించారు. ఇకమీదట ప్రకృతియే మన సిబ్బంది అన్నారు. ప్రతి క్షేత్రము తన పరిధిలోని సహజ సిబ్బందిని గుర్తించి, నమోదు చేసి, లక్ష్యములు నిర్దేశించవలెనని పై నుంచి ఆదేశాలన్నారు. ఆయన మామూలుగా మాట్లాడేటప్పుడు కూడా సర్క్యులర్ చదివినట్టే ఉంటుంది. టీ అడిగినా "ఒక కప్పు తేనీరు ఏర్పాటు గావించవలెను" అంటారు.

మా పరిధిలో సహజ సిబ్బంది అంటే ఆ గుడ్లగూబల జంటే. నేను దరఖాస్తు నింపాను. పేరు: గుడ్లగూబ. తండ్రి పేరు: గుడ్లగూబ. విద్యార్హత: లేదు. అనుభవం: పదేళ్లు. లక్ష్యం నెలకు నూట ఇరవై తోకలు. ఇక చెట్టు సంగతి ఏమిటని పోలయ్య చేతులు కట్టుకుని అడిగాడు.

"సహజ సిబ్బంది ఫలితములు చూపినచో చెట్టు ఉండును," అన్నారు విశ్వపతి గారు. "చూపనిచో కళ్లము వచ్చును."

గూబ తోకతో సహా మింగుతుంది సామీ అని పోలయ్య విన్నవించుకున్నాడు. తోక పక్కన పెట్టి మిగిలింది మింగమని చెప్పమన్నారు హైమవతి గారు. ఆవిడ వేళాకోళం ఆడలేదు. ఆవిడకు ఆ అలవాటు లేదు.

జనవరి గడిచింది. తొర్రలో గూబ గుడ్లు పొదుగుతోంది. తోకలు సున్నా. ఫిబ్రవరి ఒకటిన గుడ్లగూబకు నోటీసు తయారైంది. "మీరు గత మాసములో ఒక్క తోకనైనను సమర్పించక విధినిర్వహణలో తీవ్ర అలసత్వము ప్రదర్శించితిరి. ఏడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొననిచో మీ నివాసము తొలగించబడును." దాన్ని మైదాపిండి జిగురుతో చెట్టుకు అంటించాం. అందినట్టు రసీదు కావాలన్నారు హైమవతి గారు. పోలయ్య చెట్టు కింద రాలిన ఈక ఒకటి తెచ్చిచ్చాడు. ఆవిడ దాన్ని ఫైలుకు కుట్టారు.

ఇక్కడ నేను ఒక పని చేశాను. నోటీసు టైపు చేసిన చేత్తోనే జవాబు కూడా టైపు చేశాను. ఆఫీసు మొత్తం పగలబడి నవ్వుతుందనీ, ఆ నవ్వులో ఈ పిచ్చి కొట్టుకుపోతుందనీ అనుకున్నాను. "అయ్యా, నాకు కత్తి లేదు. పళ్లు లేవు. ఎలుకను నమిలి తినుట మా వంశములో లేదు. తోకతో సహా మింగుట మా ఆచారము. అయినను తమ గౌరవార్థము, తిన్న ప్రతి ఎలుక యొక్క ఎముకలను, బొచ్చును ఉండలుగా కక్కి చెట్టు కింద ఉంచుచున్నాను. ఇరవై నాలుగు ఉండలు ఇందువెంట జతచేయడమైనది. ఇట్లు, తమ విధేయురాలు." కింద వేపపుల్లను ఒక చివర మూడు చీలికలు చేసి, స్టాంపు ప్యాడులో అద్ది, కాలిముద్ర వేశాను. ఉండల్ని అట్టపెట్టెలో సర్ది ఇన్‌వర్డ్ ట్రేలో పెట్టాను.

ఎవరూ నవ్వలేదు. హైమవతి గారు ఇన్‌వర్డ్ నంబరు వేశారు. రెండు రోజులు కూర్చుని ఇరవై నాలుగు ఉండల్నీ విప్పించారు. ముప్పై ఒక్క పుర్రెలు తేలాయి. అవి లెక్కలోకి రావని నోట్ రాశారు, ఎందుకంటే తల పద్ధతి ఎప్పుడో రద్దయింది. తోక ఎముకలు కూడా ఉన్నాయి గానీ మినప్పప్పు బద్దల్లా విడివిడిగా ఉన్నాయి. "కట్ట కట్టుటకు వీలుపడదు" అని రాశారు. ఆ నోట్ చదివి విశ్వపతి గారు ఎర్ర పెన్ను తీశారు. సదరు గుడ్లగూబ ప్రభుత్వ సాక్ష్యాధారములను భక్షించుచున్నట్లు స్వయముగా అంగీకరించినది గనుక, అలసత్వముతో పాటు సాక్ష్యవిధ్వంసము కూడా రుజువైనదని తేల్చారు. ఫిబ్రవరి ఇరవైన చెట్టు కొట్టించాలని ఉత్తర్వు.

మర్నాడు పొద్దున పోలయ్య నా కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఎలుకల సంచీ కింద పెట్టాడు.

"ఆ కాయితం నువ్వే గదా రాసింది," అన్నాడు.

ఎట్లా తెలిసిందని అడిగాను.

"కాలిముద్ర జూసినా. గూబ కాలు కొమ్మ పట్టుకుంటే ముందు రెండేళ్లు, ఎనక రెండేళ్లు. నువ్వు ముందు మూడు బెట్టినావు. కాకి చేత సంతకం బెట్టించావబ్బయా."

తమాషాకు రాశానన్నాను. అతను తల ఊపాడు. తొర్రలో మూడు పిల్లలున్నాయని, మొన్న ఒకటి, నిన్న ఒకటి, ఈ పొద్దున ఒకటి గుడ్డు పగిలి వచ్చాయని చెప్పాడు. మూడూ ఒకేరోజు రావు, ముందొచ్చింది పెద్దదవుతుంది, ఎనకొచ్చింది చిన్నదిగానే ఉంటుంది. చిన్నది ఎగరాలంటే ఇంకో రెండు నెలల పైనే పడుతుంది. చెట్టుకు పన్నెండు రోజులే ఉంది.

"నీ తమాషా అయిపొయ్యింది గదా," అన్నాడు. "ఇంక నేను జెప్పేది రాయి."

అతని ఉపాయం చాలా సరళం. తను పట్టిన ఎలుకల్లో సగానికి పైగా వాటి తోకలు కోసి పొద్దున్నే చెట్టు కింద పెడతాడు. పది గంటలకు తనే వెళ్లి, అక్కడ దొరికాయని తెచ్చి ఇస్తాడు. గూబ ఖాతాలో నేను రాయాలి. సాక్షి సంతకం ఎటూ నాదే. వాచ్‌మన్ ఎటూ చూడడు.

మొదటి రోజు పదకొండు తోకలు వచ్చాయి. రెండో రోజు పధ్నాలుగు. హైమవతి గారు స్కేలు పెట్టి కొలిచి, ప్రతి తోకా నాలుగు అంగుళాలు దాటడం చూసి, మొదటిసారి నా ఎదుట చిరునవ్వు నవ్వారు.

"మెమో ఇస్తే ఎవరైనా దారికొస్తారు, భార్గవా. నా సర్వీసులో ఎంతమందిని చూశాను," అన్నారు.

ఫిబ్రవరి ఇరవై వచ్చేసరికి చెట్టు కొట్టే ఉత్తర్వు నిలిచిపోయింది. నెలాఖరుకు గూబకు నూట నలభై ఆరు తోకలు. లక్ష్యం కన్నా ఇరవై ఆరు ఎక్కువ. విశ్వపతి గారు ప్రశంసాపత్రం రాయించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టించి, పాత నోటీసు చింపించి అదే చోట అంటించారు. నేనూ పోలయ్యా తోపులో నిలబడి ఆ పత్రాన్ని చూసుకున్నాం. పైన తొర్రలోంచి పెద్దపిల్ల తెల్లటి దూదిపింజలాంటి తల బయటపెట్టి మమ్మల్ని చూసింది. మా పని అయిపోయిందనుకున్నాం.

మేం మర్చిపోయిందేమిటంటే, రిజిస్టర్లో గూబ ఖాతా పక్కనే పోలయ్య ఖాతా కూడా ఉంటుంది.

మార్చి మొదటివారం సమీక్షా సమావేశంలో విశ్వపతి గారు గోడ మీద రెండు గీతలు చూపించారు. ఆకుపచ్చ గీత పైకి పోతోంది. అది గుడ్లగూబ. ఎర్ర గీత కిందికి జారుతోంది. అది పోలయ్య. సహజ సిబ్బంది సామర్థ్యము మానవ సిబ్బంది సామర్థ్యమును అధిగమించిన చారిత్రక ఘట్టమునకు మన క్షేత్రము వేదిక అయినదన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. పోలయ్య కూడా కొట్టాడు. ఆ తర్వాత ఆయన పోలయ్యను లేచి నిలబడమన్నారు. జీతభత్యములు, సెలవులు లేని ఒక పక్షి చేయగలిగినది నీవేల చేయలేకున్నావని అడిగారు. పోలయ్య తల వంచుకున్నాడు. నేనూ వంచుకున్నాను, కాకపోతే నన్ను ఎవరూ గమనించలేదు.

ఫలితంగా పోలయ్యకు శిక్షణ ఉత్తర్వు వచ్చింది. పదిహేను పనిదినాలు, ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు వరకు, గుడ్లగూబ ఎదుట కూర్చుని దాని పని విధానం నేర్చుకోవాలి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు వరకు భోజన విరామం. గూబ పగలు నిద్రపోతుందని నేను మనవి చేశాను. శిక్షణ ఆఫీసు వేళల్లోనే జరగాలన్నది నియమమని హైమవతి గారు సెలవిచ్చారు.

పోలయ్య తెల్లారకముందే ఎలుకలు పట్టి, తోకలు రెండు వాటాలు వేసి, పదింటికల్లా చెట్టు కింద గోనెపట్ట పరుచుకుని కూర్చునేవాడు. నాలుగో రోజు నేను చూడ్డానికి వెళ్లాను. పైన గోలగోలగా ఉంది. నాలుగు కాకులు, ఒక జత పికిలిపిట్టలు, రెండు ఉడతలు గూబ చుట్టూ చేరి నానా మాటలూ అంటున్నాయి. పగలు గూబ కనపడితే చిన్నపిట్టలన్నీ మూకగా వచ్చి అరిచి పోతాయట. గూబ మాత్రం కళ్లు సగం మూసి, ఈకలు ఒంటికి అంటించుకుని, విరిగిన మోడులా కూర్చుంది. అరగంటకు వాటికే గొంతులు పోయి వెళ్లిపోయాయి.

"నేర్చుకున్నావా పోలయ్యా?" అన్నాను.

"ఇది నాకు ముందే వచ్చు," అన్నాడు. "మొన్న మీటింగులో జూళ్లా?"

శిక్షణ ముగింపు నివేదికలో "అభ్యర్థి సంతృప్తికరముగా నేర్చుకొనెను" అని రాసి పంపాను. సర్టిఫికెట్ వచ్చింది. దానికన్నా ముందు ఇంకో కాగితం వచ్చింది. మా ఎర్రగీత, ఆకుపచ్చ గీతల బొమ్మ పై ఆఫీసుకు చేరి, అక్కడ వాళ్లను ముగ్ధుల్ని చేసింది. సహజ సిబ్బంది తోకల సంఖ్య మానవ సిబ్బంది కన్నా అధికముగా ఉన్న క్షేత్రములలో ఎలుకలు పట్టువారి సేవలు ఏప్రిల్ ఒకటి నుండి అనవసరమని ఉత్తర్వు. అలాంటి క్షేత్రం రాష్ట్రం మొత్తం మీద ఒక్కటే ఉంది.

ఉత్తర్వు చదివి వినిపించింది నేనే. పోలయ్య కుండ పక్కన పెట్టి విన్నాడు. తన గురించి ఏమీ అడగలేదు.

"నేను బోతే తోకలు యాణ్ణుంచి వస్తాయబ్బయా? తోకలు రాకపోతే చెట్టు గొడతారు గదా. పెద్దపిల్ల కొమ్మ మీదికి వచ్చింది. నడిపిది మొన్న వచ్చింది. చిన్నది ఇంకా తొర్ర దాటలా."

ఆ సాయంత్రం విశ్వపతి గారి గదిలోకి వెళ్లి జరిగిందంతా చెప్పేశాను. మొదటి జవాబు నేను రాశానని, తోకలన్నీ పోలయ్యవని, గూబ ఒక్క తోక కూడా ఇవ్వలేదని. ఆయన ఓపిగ్గా విన్నారు. తర్వాత హైమవతి గారిని పిలిపించి రిజిస్టర్ తెప్పించారు. ఆవిడ పేజీలు తిప్పి, గూబ ఖాతా కింద నా సంతకాలు నలభై మూడు చూపించారు.

"ఈ సంతకములు నీవేనా?"

నావేనన్నాను.

"తోకలు చెట్టు కింద దొరికినవని నలభై మూడు పర్యాయములు లిఖితపూర్వకముగా చెప్పి, నేడు ఒక్క పర్యాయము నోటిమాటగా కాదనుచున్నావు. ఏది నమ్మవలెను?" అన్నారాయన. "నిజము అనునది రికార్డులో ఉండవలెనయ్యా. ఊరక బయట తిరుగుచుండిన దానిని మేమేమి చేసుకొందుము?"

తోకలు పరీక్షకు పంపమన్నాను. ఎప్పటికప్పుడు తగలబెట్టామని హైమవతి గారు గుర్తుచేశారు. అదీ నా సంతకంతోనే.

ఏప్రిల్ ఒకటిన పోలయ్య రాలేదు. రెండున రాలేదు. చెట్టు కింద ఉండలు మాత్రం క్రమం తప్పకుండా పడుతున్నాయి. ముగ్గురు పిల్లల్ని మేపుతూ ఆ జంట నిజంగానే చచ్చేంత పని చేస్తోంది. నేను ఒకరోజు ఉండలు నలిపి ఇరవై రెండు పుర్రెలు లెక్కపెట్టాను. రిజిస్టర్లో ఆ రోజు సున్నా రాశాను. వారం రోజులు వరసగా సున్నా. కాలవ పక్క గట్లలో మట్టి కుప్పలు లేచాయి. గోడౌనులో బస్తాలకు మూలలు పోయాయి. ప్రశంసాపత్రం మీద రెండో నోటీసు అంటింది. పదిహేనో తేదీలోగా సంజాయిషీ, లేకుంటే ఇరవైన కళ్లం. రంపపు మేస్త్రీ వచ్చి మాను చుట్టుకొలత తాడుతో కొలిచి, సున్నంతో గీత గీసి వెళ్లాడు. చిన్నపిల్ల ఆ పైకొమ్మ మీదే ఉంది. రెండు అడుగులు ఎగిరి, మూడో అడుగుకు కొమ్మను కావలించుకుంటోంది.

నా మాట మా ఆఫీసులో చెల్లదని నాకు రుజువైంది. గుడ్లగూబ మాట చెల్లుతుందని కూడా రుజువైంది. అందుకని మళ్లీ గుడ్లగూబనయ్యాను.

"అయ్యా, ఫిబ్రవరి, మార్చి మాసములలో నేను చూపిన ఫలితములు తమకు విదితమే. ప్రస్తుతము ముగ్గురు పిల్లల పోషణభారము వలన తోకలు వేరుచేయు పనికి వ్యవధి చాలకున్నది. కావున తోకల నిమిత్తము నాకు ఒక సహాయకుని మంజూరు చేయవలెనని ప్రార్థన. నావద్దనే పదిహేను దినములు శిక్షణ పొంది, తమ శాఖ వారి సర్టిఫికెట్ కలిగియున్న ఇండ్ల పోలయ్య అనునతడు ఇందుకు తగినవాడు. వేరెవరినీ నేను చెట్టు దరికి రానీయను."

ఈసారి శ్రద్ధగా చేశాను. తోపులో తడిమట్టి మీద నిజం గూబ కాలి అచ్చు వెతికి, చూసి, పుల్లను సరిగ్గా చెక్కి, ముందు రెండు వేళ్లు, వెనక రెండు వేళ్లు వచ్చేలా ముద్ర వేశాను. మర్నాడు కాగితం తిరిగొచ్చింది. పైన హైమవతి గారి చేతిరాత. "ఇన్‌వర్డ్ 112 నందలి కాలిముద్రతో ఈ ముద్ర సరిపోలుట లేదు. ఎవరో గుడ్లగూబ పేరున మోసపూరితముగా దరఖాస్తు చేసినట్లు అనుమానము." నేను కూర్చుని మళ్లీ వేపపుల్ల చీల్చి, ముందు మూడు, వెనక ఒకటి వేశాను. ఆవిడ భూతద్దం పెట్టి రెండు ముద్రల్నీ పోల్చి చూసి, నిజమైన గుడ్లగూబదేనని ధ్రువీకరించారు.

ఫైలు అంత వేగంగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. కారణం తర్వాత తెలిసింది. ఉత్తమ సహజ సిబ్బందిని చూడ్డానికి పై అధికారుల బృందం ఏప్రిల్ ఆఖరివారం మా క్షేత్రానికి వస్తోంది. అప్పటికి ఆకుపచ్చ గీత నేలమట్టంగా ఉంటే విశ్వపతి గారి గీత కూడా అలాగే అవుతుంది. పైగా పథకంలో సహజ సిబ్బందికి సహాయకుల పోస్టు ముందే ఉందట. దాన్ని ఎవరూ అడగలేదు గనక ఖాళీగా పడుంది. అది కాంట్రాక్టు కూడా కాదు. రెగ్యులర్. పోలయ్య ఇరవై రెండేళ్లుగా పెట్టుకున్న అర్జీలు మా బీరువాలో ఒక అర నిండా ఉన్నాయి. గుడ్లగూబ ఒక్క అర్జీ పెట్టింది. ఎనిమిది రోజులు పట్టింది. చెట్టు కొట్టే ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు. సహాయకుణ్ణి మంజూరు చేసి అధికారి నివాసం కూల్చడం సబబు కాదని నోట్ రాసింది హైమవతి గారే.

ఉత్తర్వు పట్టుకుని నేను పోలయ్య గుడిసె దగ్గరికి వెళ్లలేదు. అతనే తోపులో ఉన్నాడు. ఉద్యోగం లేకపోయినా పొద్దున్నే వచ్చి చెట్టు చూసి పోతున్నాడట. మాను మీద సున్నపు గీతను గోనెపట్టతో రుద్దుతున్నాడు. నేను కాగితం తీసి చదివాను. హోదా: గుడ్లగూబ గారి సహాయకుడు. విధులు: అధికారి పట్టిన ఎలుకల తోకలు వేరుచేసి సమర్పించుట. హాజరు పుస్తకంలో ప్రతిరోజూ అధికారి కాలిముద్ర తీసుకోవలెను. సెలవు కావలసిన ఎడల అధికారికి దరఖాస్తు చేసుకొనవలెను. ఏటేటా పనితీరు నివేదిక అధికారియే పంపవలెను.

పోలయ్య అంతా విని, "అంటే నేనిప్పుడు గూబ కింద ఉద్యోగం జేస్తుండానా?" అన్నాడు.

అవునన్నాను. ఎలుకలు పట్టేది అతనే, తోకలు కోసేది అతనే, పేరు మాత్రం గూబదని, ఇది మార్చడం ఇక నా వల్ల కాదని, ఏమీ అనుకోవద్దని చెప్పాను. కాలిముద్రకు మాత్రం ముందు మూడు వేళ్లే ఉండాలని, రికార్డులో ఉన్నది కాకి కాలేనని గుర్తుచేశాను.

అతను పైకి చూశాడు. నిన్నటి దాకా కొమ్మను కావలించుకున్న చిన్నపిల్ల, రెండు చెట్ల అవతల ఆకుల్లో కూర్చుని తల అటూ ఇటూ తిప్పుతోంది. ఎప్పుడు ఎగిరిందో నేను వినలేదు. వాటి రెక్కలకు చప్పుడుండదు. తల్లిగూబ మాత్రం పాత కొమ్మ మీదే, ఒళ్లు కదలకుండా తల వెనక్కి తిప్పి, ఆఫీసు వైపు ఒకసారి చూసి, కళ్లు మూసుకుంది.

పోలయ్య కుండలో ఎండుగడ్డి కుక్కుకుని, కుండను చంకన పెట్టుకున్నాడు.

"పోనీలే అబ్బయా," అన్నాడు కాలవ వైపు నడుస్తూ. "ఇరవై రెండేళ్లలో తొమ్మిదిమంది దొరల కింద జేసినా. పని జేసే దొర కింద జెయ్యడం ఇదే మొదులు."